మెదడులో నైట్రిక్ ఆక్సైడ్: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె జబ్బు ఉండి జేబులో సార్బిట్రేట్ (ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదిలే మాత్ర) పెట్టుకుని తిరిగేవాళ్లూ, మందుల షాపులో ఆర్జినిన్ (ఆ వాయువుకు ముడిసరుకైన అమైనో ఆమ్లం) డబ్బా చూసి ఆగినవాళ్లూ, ప్రాజెక్టు కోసం గ్రీస్ పరీక్ష (నైట్రైట్‌ను రంగుతో కొలిచేది) మొదలుపెట్టిన పీజీ విద్యార్థులూ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాం.

నైట్రిక్ ఆక్సైడ్ అంటే లాఫింగ్ గ్యాసేనా?

కాదు. లాఫింగ్ గ్యాస్ అసలు పేరు నైట్రస్ ఆక్సైడ్. అందులో రెండు నైట్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ ఉంటాయి. నైట్రిక్ ఆక్సైడ్‌లో ఒకటి, ఒకటి. మొదటిది మత్తు డాక్టరు సిలిండరులోంచి ఇచ్చేది, రెండోది మన ఒంట్లోనే పుట్టి కొన్ని సెకన్లలో మాయమయ్యేది. వీటికి మూడో చుట్టం ఒకడున్నాడు, నైట్రోజన్ డయాక్సైడ్. ఎర్రటి గోధుమ రంగులో ఉండి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. వీడియోల్లో ఈ మూడూ కలగాపులగం అయిపోతుంటాయి కాబట్టి పేరు మొత్తం చదివాకే నమ్మండి.

లారీ పొగలో ఉండే వాయువు మెదడులో ఉండటమేంటి? విషం కాదా?

ఎక్కువైతే విషమే. మెదడులో పనిచేసే మోతాదు మాత్రం 100 పికోమోలార్ నుంచి 5 నానోమోలార్ వరకు ఉంటుందని ఇప్పటి అంచనా. 1990ల్లో మైక్రోమోలార్ (నానోమోలార్‌కు వెయ్యి రెట్లు) స్థాయిలో ఉంటుందనుకునేవారు. అందుకే ఆ కాలపు ప్రయోగాల్లో కణాల మీద పోసిన మోతాదులు చాలాసార్లు వందల రెట్లు ఎక్కువ. పాత వ్యాసంలో 'నైట్రిక్ ఆక్సైడ్ న్యూరాన్లను చంపింది' అని కనిపిస్తే ముందు ఎంత పోశారో చూడాలి. ఇదే వాయువును ఊపిరితిత్తుల రక్తపోటు పెరిగిన పసిపిల్లలకు మిలియన్‌కు 20 భాగాల చొప్పున ఊపిరితో కలిపి ఇస్తారు. అప్పుడు కూడా మెథ్‌హీమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హీమోగ్లోబిన్) పెరుగుతోందా, నైట్రోజన్ డయాక్సైడ్ తయారవుతోందా అని కనిపెట్టుకుని ఉంటారు.

మెదడులో ఇది ఉందని ఎవరు, ఎలా కనిపెట్టారు?

కథ రక్తనాళంలో మొదలైంది. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం వేసి చూసేవారు. కొన్ని ముక్కలు సడలేవి, కొన్ని సడలేవి కావు. ముక్క కోసేటప్పుడు లోపలి సన్నని పొర గీరుకుపోతే సడలింపు పోతోందని తేలింది. అంటే ఆ పొరలోంచి ఏదో పదార్థం వస్తోంది. 1980లో ఆ సంగతి ప్రచురించారు. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడేనని 1987లో లూయీ ఇగ్నారో, సాల్వడార్ మొంకాడా బృందాలు చూపించాయి. అంతకు పదేళ్ల ముందే, గుండెనొప్పి మందు నైట్రోగ్లిసరిన్ ఒంట్లో ఈ వాయువునే వదిలి పనిచేస్తుందని ఫెరీద్ మురాద్ చూపించారు.

మెదడు వైపు తలుపు తీసింది జాన్ గార్త్‌వైట్ బృందం. 1988లో చిన్నమెదడు కణాల మీద, గ్లూటమేట్ అనే నాడీ రసాయనానికి స్పందించే ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని ప్రేరేపించారు. రక్తనాళాలను సడలించే ఆ పదార్థం లాంటిదే కణాల్లోంచి బయటికొచ్చింది. కాల్షియం లేకపోతే రాలేదు.

తరువాతి అడుగు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పడింది. న్యూరోసైంటిస్టు సొలొమన్ స్నైడర్, ఆయన విద్యార్థి డేవిడ్ బ్రెట్ ఈ వాయువును తయారుచేసే ఎంజైము కోసం వెతికారు. నిలవని వాయువును కొలవడం కష్టం కాబట్టి దారి మార్చి, దానితోపాటే పుట్టే సిట్రులిన్‌ను కొలిచారు. ఇందుకు రేడియోధార్మిక ట్రిటియం తగిలించిన ఆర్జినిన్‌ను మెదడు సారానికి కలుపుతారు. కాసేపాగి ఆ ద్రవాన్ని డోవెక్స్ అనే రెసిన్ గొట్టంలోంచి పోస్తారు. ధనావేశం ఉన్న ఆర్జినిన్ రెసిన్‌కు అంటుకుపోతుంది, సిట్రులిన్ కిందికి జారిపోతుంది. కింద పట్టిన ద్రవంలో ఎంత రేడియోధార్మికత ఉంటే ఎంజైము అంత పని చేసినట్టు లెక్క. ఈ పరీక్ష నేటికీ వాడుకలో ఉంది.

తీరా శుద్ధి చేయబోతే చిక్కొచ్చి పడింది. శుద్ధి చేసేకొద్దీ ఎంజైము పనిచేయడం మానేసేది. కారణం, శుద్ధిలో కాల్మోడ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ విడిపోతోంది. దాన్ని తిరిగి కలపగానే ఎంజైము లేచి కూర్చుంది. 1990లో ఎంజైమును, 1991లో దాని జన్యువును ప్రకటించారు. నాడీకణం ప్రేరణ పొందినప్పుడే ఈ వాయువు ఎందుకు పుడుతుందో కూడా దీనితోనే అర్థమైంది: కాల్షియం లోపలికొస్తే కాల్మోడ్యులిన్ కదులుతుంది, కాల్మోడ్యులిన్ కదిలితే ఎంజైము కదులుతుంది.

1998 నోబెల్ ఫర్చ్‌గాట్‌కూ, ఇగ్నారోకూ, మురాద్‌కూ దక్కింది. అది రక్తప్రసరణ వ్యవస్థలో ఈ వాయువు పాత్రకు ఇచ్చింది, మెదడు పనికి కాదు. సాల్వడార్ మొంకాడాను వదిలేశారన్న విమర్శ ఇప్పటికీ ఉంది, అందులో న్యాయమూ ఉంది.

మామూలు న్యూరోట్రాన్స్‌మిటర్‌కూ దీనికీ తేడా ఏమిటి?

డోపమైన్, గ్లూటమేట్ లాంటివి చిన్న సంచుల్లో నిల్వ ఉంటాయి. సంకేతం రాగానే సంచి పగిలి, అవతలి కణం మీద తమ గ్రాహకాన్ని వెతుక్కుంటాయి. వాయువును సంచిలో కట్టలేం. అప్పటికప్పుడు తయారవ్వాలి, కణపొరలను దాటుకుని నాలుగు వైపులకూ పోవాలి. వంటింట్లో ఇంగువ పోపు వేస్తే వీధి గదిలోవాళ్లకూ తెలిసినట్టు, సినాప్స్‌తో (రెండు నాడీకణాల కూడలి) ప్రత్యక్ష సంబంధం లేని పక్క కణాలకూ ఇది చేరుతుంది.

వరస ఇలా నడుస్తుంది. గ్లూటమేట్ వచ్చి ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని తెరుస్తుంది. కాల్షియం లోపలికొచ్చి కాల్మోడ్యులిన్‌కు అతుక్కుంటుంది. ఆ జంట ఎంజైమును నడుపుతుంది. ఎంజైము ఆర్జినిన్‌ను, ఆక్సిజన్‌ను, ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువును వాడుకుని నైట్రిక్ ఆక్సైడ్‌ను, సిట్రులిన్‌ను ఇస్తుంది. వాయువు పక్క కణంలోని గ్వానిలేట్ సైక్లేజ్ అనే ప్రోటీన్ హీమ్‌లో ఉన్న ఇనుముకు అంటుకుంటే సైక్లిక్ జీఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. ఎంజైమేమో పీఎస్‌డీ-95 అనే ప్రోటీన్ పట్టుకొమ్మతో గ్రాహకం పక్కనే కట్టేసి ఉంటుంది. అందుకే కణంలో వేరే మూల కాల్షియం పెరిగినా ఇది అంతగా పట్టించుకోదు.

జ్ఞాపకశక్తి పెంచుతుందా? పరీక్షలకు చదివే పిల్లలకు ఏమైనా ఇవ్వాలా?

ఏమీ ఇవ్వనక్కర్లేదు. 1991లో ఎలుక హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగం) ముక్కల్లో ఈ ఎంజైమును ఆపితే సినాప్స్ బలపడే ప్రక్రియ దెబ్బతింటుందని ఒకటికి మించి బృందాలు చూపించాయి. సంకేతం పంపిన కణానికి, అందుకున్న కణం తిరిగి పంపే ఉత్తరం ఇదేనన్న ఊహ అప్పుడే బలపడింది. తరువాత వచ్చిన ఫలితాలు మాత్రం ఒక్కతీరుగా లేవు. జంతువు వయసు, ముక్కను ఉంచిన ఉష్ణోగ్రత, ప్రేరణ తీవ్రతను బట్టి మారుతూ వచ్చాయి. ఎలుక మెదడు ముక్కలో చూసినదాన్ని పట్టుకుని ఇంటర్ పిల్లాడికి పొడి కలిపి ఇవ్వడం అన్యాయం.

పక్షవాతంలో ఈ వాయువు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

రెండూ చేస్తుంది. ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రక్తం అందని భాగంలో గ్లూటమేట్ పొంగుతుంది, కాల్షియం వరదలా వస్తుంది, నాడీకణంలోని ఎంజైము ఆగకుండా వాయువును తయారుచేస్తుంది. అదే సమయంలో పుట్టిన సూపరాక్సైడ్‌తో కలిసి అది పెరాక్సీనైట్రైట్ అవుతుంది. అసలు నష్టం చేసేది ఈ పెరాక్సీనైట్రైటే. 1994లో నాడీకణ ఎంజైము జన్యువు తీసేసిన ఎలుకలకు మెదడు రక్తనాళం మూసి చూస్తే దెబ్బతిన్న భాగం చిన్నగా ఉంది. 1996లో, రక్తనాళాల్లో ఈ వాయువును తయారుచేసే వేరే ఎంజైము తీసేసిన ఎలుకల్లో చూస్తే ఆ భాగం పెద్దదైంది. ఒకే వాయువు నాళంలో పుడితే రక్షణ, నాడీకణంలో పొంగితే చేటు.

నాడీకణ ఎంజైము లేని ఎలుకల గురించి ఇంకో మాట. వాటి జీర్ణాశయం చివరి కండరం సడలక పొట్ట ఉబ్బిపోయేది. మగవి విపరీతంగా పోట్లాడుకునేవి. ఈ వాయువు పని మెదడుతోనే అయిపోదని చెప్పడానికి ఆ ఉబ్బిన పొట్టే సాక్ష్యం.

మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టవచ్చా?

వద్దు. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. గుండెనొప్పికి పనిచేసింది కదా, పక్షవాతానికీ పనిచేస్తుందనుకుంటారు. సార్బిట్రేట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌నే వదులుతుంది, బీపీని ఒక్కసారిగా దించుతుంది. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిన పక్షవాతంలో, చావుబతుకుల మధ్య ఉన్న కణాలకు ఆ బీపీయే దిక్కు.

దీన్ని మనుషుల్లో పరీక్షించారు కూడా. 4,011 మందితో జరిగి 2015లో అచ్చయిన ఎనోస్ అధ్యయనంలో గ్లిసరిల్ ట్రైనైట్రేట్ (నైట్రోగ్లిసరినే) పట్టీ బీపీని తగ్గించింది కానీ రోగుల కోలుకోవడంలో తేడా తేలేదు. అంబులెన్సులోనే పట్టీ వేసి చూసిన నెదర్లాండ్స్ అధ్యయనాన్ని, మెదడులో రక్తస్రావం ఉన్నవాళ్లకు హాని జరుగుతోందన్న అనుమానంతో మధ్యలోనే ఆపేశారు. రక్తస్రావమో గడ్డో సీటీ స్కాన్ తీయకుండా ఎవరూ చెప్పలేరు.

చేయాల్సింది ఇది. లక్షణం మొదలైన టైము, లేదా మనిషి చివరిసారి బాగున్న టైము కాగితం మీద రాయండి. 108కి ఫోన్ చేసి 'పక్షవాతం' అనే మాట స్పష్టంగా చెప్పండి. నోట్లో నీళ్లు, మాత్ర, చోడి అంబలి ఏదీ పోయొద్దు, మింగడం పోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షను గడువు నాలుగున్నర గంటలు. కవిటి నుంచో, సాలూరు నుంచో బయలుదేరేవాళ్లకు ప్రయాణమే దానిలో పెద్ద వాటా తినేస్తుంది. ముందు ఊళ్లో చిన్న క్లినిక్‌లో సెలైన్ పెట్టించి చూద్దాం అనుకుంటే ఆ గడువు అక్కడే అయిపోతుంది.

సార్బిట్రేట్ వేసుకుంటే తలనొప్పి ఎందుకొస్తుంది?

ఆ వాయువు తలలోని రక్తనాళాలనూ సడలిస్తుంది, నొప్పి నాడులనూ కదిలిస్తుంది. పార్శ్వనొప్పి ఉన్నవాళ్లకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందుతో కొన్ని గంటల తరువాత అసలు పార్శ్వనొప్పే వస్తుంది. నైట్రేట్ వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకోకూడదు. నైట్రేట్ సైక్లిక్ జీఎంపీని పెంచుతుంది, సిల్డెనాఫిల్ దాన్ని కరగనివ్వదు, బీపీ పాతాళానికి పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, అదే తరహా టాడలాఫిల్ అయితే 48 గంటల్లోపు గుండెనొప్పి వస్తే, ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

తోటకూర, బీట్‌రూట్ తింటే నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుందట, నిజమేనా?

ఒంట్లో పెరుగుతుంది, నిజమే. తోటకూర, పాలకూర, ముల్లంగి, బీట్‌రూట్ నైట్రేట్ ఎక్కువున్న కూరలు. దారి మాత్రం వింతగా ఉంటుంది. తిన్న నైట్రేట్ పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుంది. లాలాజల గ్రంథులు దాన్ని పోగుచేసి నోట్లోకి తెస్తాయి. నాలుక వెనక భాగంలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అది మింగాక కడుపులోనూ, రక్తంలోనూ నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. రక్తంలో నైట్రైట్ శిఖరానికి చేరేది తిన్న రెండు మూడు గంటలకు. క్లోర్‌హెక్సిడిన్ లాంటి మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలిస్తే ఆ బ్యాక్టీరియా చచ్చి గొలుసు మధ్యలో తెగుతుంది.

అధ్యయనాల్లో 300 నుంచి 500 మిల్లీగ్రాముల నైట్రేట్ ఇచ్చినప్పుడు బీపీ కొద్ది పాయింట్లు తగ్గింది. మెదడుకు లాభం అన్నది ఇంకా చిన్న అధ్యయనాల దశ దాటలేదు. కూరను ఉడికించి నీళ్లు పారబోస్తే నైట్రేట్‌లో మంచి వాటా పోతుంది. ముందురోజు వండి బయట వదిలేసిన ఆకుకూరలో బ్యాక్టీరియా నైట్రైట్‌ను పెంచుతుంది, పసిపిల్లలకు అది పెట్టొద్దు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు బీట్‌రూట్ రసం తాగవచ్చా?

డాక్టరు ఒప్పుకుంటే తప్ప వద్దు. బీట్‌రూట్‌లో, ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీ వదిలించలేని పొటాషియం గుండె లయను చెడగొడుతుంది. పైగా బీట్‌రూట్, పాలకూర, తోటకూరల్లో కిడ్నీకి చేటైన ఆక్సలేట్ కూడా ఉంది. 'నరాలకు బలం' అంటూ ఎవరో చెప్పిన రసం సోంపేటలోనో, వజ్రపుకొత్తూరులోనో డయాలసిస్‌కు వెళ్లే మనిషి తాగితే నష్టం గంటల్లో కనిపిస్తుంది. ఆకుకూర తినాలనే ఉంటే సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కొద్దిగా తినాలి. అలా చేస్తే నైట్రేట్ కూడా పోతుంది కదా అంటారా? పోతుంది. ఇక్కడ పొటాషియమే ముఖ్యం.

ఎల్-ఆర్జినిన్ పొడి?

ఆర్జినిన్ ముడిసరుకు కాబట్టి ఎక్కువ వేస్తే ఎక్కువ వాయువు వస్తుందని డబ్బా మీద లెక్క. కానీ ఎంజైము సగం వేగంతో నడవడానికి కొన్ని మైక్రోమోలార్ల ఆర్జినిన్ చాలు. కణంలో ఉండేది వందల మైక్రోమోలార్లు. మిల్లు గోదాములో ధాన్యం నిండుగా ఉంటే ఇంకో బండి తెచ్చినంత మాత్రాన మిల్లు జోరందుకోదు. గుండెపోటు వచ్చిన 153 మందితో జరిగి 2006లో అచ్చయిన అధ్యయనంలో, రోజుకు 3 గ్రాముల చొప్పున మూడుసార్లు ఆర్జినిన్ తీసుకున్న వర్గంలో ఆరుగురు చనిపోయారు, ఉత్తుత్తి మందు వర్గంలో ఒక్కరూ చనిపోలేదు. అధ్యయనం ఆపేశారు. 100 గ్రాముల పలాస జీడిపప్పులో రమారమి 2 గ్రాములు, వేరుశెనగలో 3 గ్రాముల ఆర్జినిన్ ఎలాగూ ఉంటుంది.

గ్రీస్ పరీక్షలో రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి. తప్పెక్కడ?

ముందు సరైన పద్ధతి. ఒక సీసాలో 5 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంలో 1 శాతం సల్ఫానిలమైడ్, ఇంకో సీసాలో నీటిలో 0.1 శాతం ఎన్‌ఈడీ (రంగు తెప్పించే నాఫ్థైల్ ఇథిలీన్‌డయమీన్). రెండూ ముదురు గాజు సీసాల్లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. 6.9 మిల్లీగ్రాముల సోడియం నైట్రైట్‌ను 10 మిల్లీలీటర్ల నీటిలో కరిగిస్తే 10 మిల్లీమోలార్. దాన్ని వంద రెట్లు పలచన చేసి 100 మైక్రోమోలార్, అక్కడి నుంచి సగం సగం చేసుకుంటూ 1.56 వరకు దిగాలి. ప్లేటులో చివరి గుంట ఖాళీ నమూనాకు. నమూనా 50 మైక్రోలీటర్లు, సల్ఫానిలమైడ్ 50, చీకట్లో పది నిమిషాలు, తరువాత ఎన్‌ఈడీ 50, మళ్లీ పది నిమిషాలు. గులాబీ రంగును 540 నానోమీటర్ల దగ్గర అరగంటలోపు చదవాలి.

ఖాళీ గుంట కూడా గులాబీ రంగు తిరిగితే మొదటి ముద్దాయి నీళ్లు. పొలాల్లో యూరియా ఎక్కువ పడే ఊళ్లలో బోరు నీళ్లలో నైట్రేట్, ఒక్కోసారి నైట్రైట్ కూడా ఉంటాయి. గాజుసామాను బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరబెడితే పరీక్ష అక్కడే పోయింది. చివర మూడుసార్లు డబుల్ డిస్టిల్డ్ నీళ్లతో తొలచాలి. రెండో ముద్దాయి వడపోత పొరలు. కొత్త అల్ట్రాఫిల్టరును కూడా వాడే ముందు నీళ్లతో కడగాలి.

రక్తం హెపారిన్ గొట్టంలో తీస్తే ఆమ్లం కలవగానే తెల్లగా విరిగి రీడింగు పెరుగుతుంది. ఎర్రకణాలు పగిలిన నమూనాను పారేయండి, హీమోగ్లోబిన్ నైట్రైట్‌ను తినేస్తుంది. ప్రోటీన్‌ను జింక్ సల్ఫేట్‌తో దించి సెంట్రిఫ్యూజ్ చేశాకే కొలవాలి. కణాలను పెంచే ఆర్‌పీఎంఐ-1640 మాధ్యమంలో కాల్షియం నైట్రేట్ ముందే ఉంటుంది. నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చే నైట్రేట్ రిడక్టేజ్ ఎంజైము వాడేవాళ్లు ఈ మాట మరిచిపోతే కణాలు ఏమీ చేయకపోయినా రీడింగు ఆకాశాన్నంటుతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు లెక్కలో కాదు, అర్థంలో జరుగుతుంది. గ్రీస్ పరీక్ష నైట్రైట్‌ను కొలుస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్‌ను కాదు. రోగి రక్తంలో నైట్రేట్, నైట్రైట్ కొలిచి 'మెదడులో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగింది' అని రాసే థీసిస్‌లు చాలానే కనిపిస్తాయి. ఆ రోగి ముందురాత్రి తోటకూర పులుసు తిని ఉండొచ్చు. రాత్రంతా ఉపవాసం ఉండాలి, ముందురోజు ఆకుకూరలు, దుంపలు మానాలి. అలా చేసినా వచ్చేది ఒళ్లంతటి లెక్కే.

ప్రయోగాల్లో ఈ వాయువును వదలడానికి వాడే రసాయనాలు పనిచేయడం లేదు?

బహుశా మీ దాకా వచ్చేలోపే అయిపోయి ఉంటాయి. డీఈఏ నోనోయేట్ 37 డిగ్రీల దగ్గర మామూలు పీహెచ్‌లో 2 నిమిషాలకే సగమవుతుంది, డెటా నోనోయేట్‌కు 20 గంటలు. వీటిని 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపి ఐసులో ఉంచి, ఆఖరి నిమిషంలో బఫరులో వేయాలి. సోడియం నైట్రోప్రుస్సైడ్ చవక, కానీ సైనైడ్ కూడా వదులుతుంది, వెలుతురుకు చెడుతుంది. పోలికకు, రాత్రంతా వదిలేసి వాయువంతా పోయిన అదే ద్రావణాన్ని వాడండి. ఆ పాత ద్రావణంతో కూడా కణాలు చస్తుంటే కారణం నైట్రిక్ ఆక్సైడ్ కాదు.

ఎలుకల మీద పనికి సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి, మనుషుల రక్తానికి మానవ నైతిక కమిటీ అనుమతి ముందే ఉండాలి. నమూనాలు తీశాక తెచ్చుకునే అనుమతి చెల్లదు.

మా బోరు నీళ్లలో నైట్రేట్ ఉందన్నారు. అదీ మంచిదేనా?

ఆకుకూర నైట్రేట్, బోరు నైట్రేట్ రసాయనంగా ఒకటే. మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. దాటితే ఆరు నెలల్లోపు పిల్లల పాలపొడికి ఆ నీళ్లు వాడొద్దు, రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదముంది. కాచినా నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. రివర్స్ ఆస్మాసిస్ ఫిల్టరు తగ్గిస్తుంది.

భ్రామరి ప్రాణాయామం చేస్తే నైట్రిక్ ఆక్సైడ్ మెదడుకు వెళ్తుందంటున్నారు?

సగం నిజం. ముక్కు పక్క సైనస్ గదుల్లో ఈ వాయువు నిండుగా తయారవుతుంది. నోరు మూసి ఝుంకారం చేస్తే ముక్కులోంచి బయటికొచ్చే వాయువు మామూలు నిశ్శ్వాస కంటే 15 రెట్లు పెరిగిందని 2002లో స్వీడన్ పరిశోధకులు కొలిచారు. కదిలిన గాలి సైనస్‌లను ఖాళీ చేస్తుంది, అంతే. వెంటవెంటనే చేస్తే రెండో మూడో ఝుంకారానికే ఆ మోతాదు తగ్గిపోతుంది, నిండడానికి కాసేపు ఆగాలి. లోపలికి పీల్చినది ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. అక్కడ రక్తంలో కలవగానే హీమోగ్లోబిన్ పట్టేసి నైట్రేట్‌గా మార్చేస్తుంది, మెదడు దాకా వాయువుగా చేరదు.